పైనక్క మళ్ళీ నిచ్చెనెక్కింది

పెద్ద పెద్ద భవనాలు కట్టేచోట ఆకాశంలోకి పొడుచుకుని నిలబడే పసుపురంగు క్రేన్‌ని మీరూ చూసే ఉంటారు. దాని మెడ దగ్గర చిన్న గాజుగది ఒకటుంటుంది. అందులో కూర్చునేది మా వదిన.

పొద్దున్నే నిచ్చెనెక్కి వెళ్ళిందంటే మళ్ళీ భోజనానికే దిగడం. సైట్లో ఆవిడని ఎవరూ పేరుపెట్టి పిలవరు. అందరికీ 'పైనక్క'. "పైనక్కనడిగి చెప్తా", "పైనక్క గాలెక్కువుందంటోంది, ఇవాళ పలకలు ఎత్తదట" అని మాట్లాడుకుంటుంటే, కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఎవరో చనిపోయినావిడతో మాట్లాడుతున్నారనుకుని హడలిపోయిన సందర్భాలున్నాయట. ఈ మాట చెప్పింది సిగ్నల్ బాబాయ్. కింద నిలబడి, చేతిలో వాకీటాకీ పట్టుకుని, వదినకి ఎడమ, కుడి, నెమ్మది, ఆపు అని చెప్పే పెద్దాయన ఆయనే. పైనుంచి ఆవిడకి కనపడనివన్నీ ఈయన కళ్ళతోనే చూస్తుంది.

మా అన్నయ్యది లిఫ్టులు బాగుచేసే పని. నేను కరెంటు కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లెత్తుతాను. అంటే జీతం తీసుకుని తిట్లు తింటాను. మాతో పాటు మా అమ్మ. నలుగురం ఒకే ఫ్లాట్లో సర్దుకుని ఉంటాం.

వదినకి థైరాయిడ్ ఉందని పెళ్ళయిన కొత్తల్లోనే బయటపడింది. అప్పట్లో ఒళ్ళు బరువెక్కి, జుట్టు రాలి, ఎప్పుడూ చలి చలి అంటుంటే పరీక్ష చేయించారు. రోజూ పరగడుపున ఒక చిన్న తెల్లమాత్ర. అది వేసుకున్నాక కాసేపు కాఫీ తాగకూడదు. ఆ కాసేపూ మా వదిన మొహం చూడకపోవడం ఇంటిల్లిపాదికీ క్షేమం. కాఫీ పడ్డాక మళ్ళీ మామూలు మనిషి. ఏళ్ళతరబడి అలా గడిచిపోయింది. మా ఇంట్లో దాన్ని జబ్బని ఎవరూ అనుకోలేదు. కళ్ళజోడు పెట్టుకోవడంలాంటిదనుకున్నాం.

తర్వాత మార్పు ఎప్పుడు మొదలైందంటే చెప్పలేను. ఒక్కరోజులో వచ్చింది కాదు. పని నుంచి వచ్చి చెప్పులు విప్పుకోవడానికి గుమ్మం దగ్గర కూర్చున్న మనిషి అక్కడే ఉండిపోయేది. "లే వదినా" అంటే "లేస్తున్నా" అనేది, లేచేది కాదు. లేచిందంటే గోడ పట్టుకునేది. చిక్కిపోతూంటే పక్కింటావిడ "ఏం చేస్తున్నారండీ, భలే సన్నబడ్డారు" అని చిట్కా అడిగింది. ఒళ్ళు కూడా నల్లబడుతూ వచ్చింది. దానికి మాత్రం అందరి దగ్గరా సమాధానం సిద్ధంగా ఉంది. క్రేన్ మీద పని, నెత్తిన సూర్యుడు, నల్లబడక ఏమవుతుంది?

ఇక ఉప్పు సంగతి. అమ్మ ఏం వండినా వదిన ఉప్పు డబ్బా అందుకునేది. మొదట్లో కాస్త చల్లుకునేది. తర్వాత్తర్వాత వంటింట్లోకెళ్ళి అరచేతిలో పోసుకుని నాకడం నా కళ్ళారా చూశాను. అమ్మ కూడా చూసింది. చూసి ఊరుకునే మనిషి కాదు.

"నా వంటలో ఉప్పు లేదని మొహమ్మీదే చెప్పొచ్చుగా అమ్మాయ్! ఇలా చాటుగా తినడమెందుకు?"

"మీ వంటకేం అత్తయ్యా, బానే ఉంది. నాకే ఎందుకో ఉప్పు మీదకి పోతోంది మనసు."

"మనసు ఉప్పు మీదకి పోవడమేమిటి? స్వీట్ల మీదకి పోతుంది, చీరల మీదకి పోతుంది. ఉప్పు మీదకా!"

వారం పాటు అమ్మ వండిన ప్రతిదీ సముద్రంలో ముంచి తీసినట్టుంది. అన్నయ్యా నేనూ నీళ్ళు తాగి చచ్చాం. వదిన ఒక్కతే పళ్ళెం తుడిచినట్టు తింది.

వదిన మామూలుగా చూపించుకునే డాక్టరు దగ్గరికెళ్ళింది. ఆయన రక్తపరీక్ష చూసి, థైరాయిడ్ కొంచెం హద్దు దాటిందనీ, అలసట దానివల్లేననీ మాత్ర మోతాదు పెంచాడు. అప్పటికి అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ మోతాదు పెరిగాక తేరుకోవాల్సిన మనిషి ఇంకా కుంగిపోయింది. పొద్దున్నే వికారం. అన్నం ముందు కూర్చుంటే వాంతి. సలహాలకి మాత్రం కొదవ లేదు. అన్నయ్య విటమిన్ డబ్బాలు తెచ్చాడు. "ఆ ఎత్తులెక్కడం మానేస్తే అన్నీ అవే సర్దుకుంటాయి" అంది అమ్మ. మళ్ళీ వెళ్ళి అడిగితే డాక్టరు, "టెన్షన్లు ఏమైనా ఉన్నాయా ఇంట్లో?" అన్నాడు. అత్తగారున్నారని చెప్పాలా వద్దా అని ఆలోచించానని వదిన నాతో అని నవ్వింది. నవ్వడానిక్కూడా ఓపిక లేక సగంలో ఆపేసింది.

"నాకు థైరాయిడ్ అలసట తెలుసే," అంది ఆ రోజు. "ఏళ్ళుగా కాపురం చేస్తున్నా దాంతో. అది బరువు. ఒంటి మీద బస్తా వేసినట్టుంటుంది, అయినా మోస్తాం. ఇది అది కాదు. ఇది ఖాళీ. మోయడానికి లోపల మనిషే లేనట్టుంది."

ఆ మాట నన్ను పట్టుకుంది. రోజంతా ఫోన్లో కరెంటు పోయిందని చెప్పేవాళ్ళని వింటాను కదా. ఎవరు ఊరికే గొడవకి చేశారో, ఎవరింట్లో నిజంగా చీకటిగా ఉందో గొంతుని బట్టి తెలిసిపోతుంది. ఇది రెండో రకం గొంతు.

సరిగ్గా ఆ వారంలోనే సైట్లో ఆ సంఘటన జరిగింది. నేను చూడలేదు. సిగ్నల్ బాబాయ్ చెప్పిందే చెప్తున్నా.

ఇనుప కడ్డీల కట్ట ఒకటి పై అంతస్తుకి వెళ్తోంది. గాలి లేదు, ఎండ లేదు, సులువైన పని. కట్ట సగం ఎత్తుకి చేరాక ఆగిపోయింది. బాబాయ్ వాకీటాకీలో పిలిచాడు. జవాబు లేదు. రెండోసారి పిలిస్తే వదిన గొంతు మెల్లగా వచ్చింది.

"బాబాయ్, కింద ఎవరూ లేకుండా చూడు. దీన్ని దించేస్తున్నా."

"ఎందుకమ్మా? పైన వాళ్ళు కాసుకునున్నారు."

"నా చేతులు నా మాట వినట్లేదు. కాస్తైనా వింటున్నప్పుడే దించేయనీ."

కట్టని నెమ్మదిగా, నిద్రపోతున్న పసిపాపని పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టింది. కొక్కెం విడిపించాక క్రేన్ ఆపేసింది. అప్పుడు నిచ్చెన దిగడం మొదలుపెట్టింది. ఆగి నిలబడేందుకు మధ్యమధ్యలో మజిలీలుంటాయి, ప్రతి మజిలీలోనూ కూలబడింది. బాబాయ్ ఎదురెక్కి వెళ్ళి, ఆవిడ నడుముకి కట్టుకున్న బెల్టు పట్టుకుని, ఒక్కో మెట్టూ చెప్తూ దింపాడు. కింద సైట్ మేనేజర్ చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదేంటి మేడమ్, పని మధ్యలో! పైన మనుషులందరూ ఖాళీగా నిలబడ్డారు."

"నిలబడే ఉన్నారు కదా సార్," అంది వదిన. "అందుకే దిగాను. నాకేమిటో తేలేదాకా నేను క్రేన్ ఎక్కను."

ఎవరూ దిగమనలేదు ఆవిడని. తనే దిగింది. ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది. మా ఇంటికొచ్చాక ఆవిడ ఏడవగా చూడటం అదే మొదటిసారి. "నాకు వచ్చిన పని అదొక్కటే," అంది. అన్నయ్య పక్కనే నేల మీద కూర్చుని ఆవిడ చెప్పులు విప్పాడు.

నాకు సెలవున్న రోజు చూసుకుని, హార్మోన్ల జబ్బులు చూసే పెద్ద డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. గది బయట జనం కిటకిటలాడుతున్నారు. లోపలికెళ్ళాక మాత్రం డాక్టరమ్మ, తనకి ప్రపంచంలో ఇంకో పేషెంటే లేనట్టు కూర్చుంది. వదిన చెప్పేదంతా అడ్డురాకుండా విన్నది. మంచం మీద పడుకోబెట్టి బీపీ చూసింది. నిలబెట్టి మళ్ళీ చూసింది. వదిన తూలితే నేను పట్టుకున్నాను. తర్వాత అరచేతులు తిప్పి గీతల్లోకి చూసింది.

"ఎండలో పనా?"

"అందరూ అదే అంటారు. నేనుండేది గాజుగదిలో డాక్టరుగారూ. ఏసీ కూడా ఉంటుంది."

"నోరు తెరవండి." లోపలికి లైటు వేసి చూసి, నన్ను కూడా పిలిచి చూపించింది. చిగుళ్ళ మీద ముదురు రంగు మచ్చలు. "ఇక్కడికి ఎండ రాదు కదా," అంది. తర్వాత ఇంకొక్క ప్రశ్న. "ఉప్పు తినాలనిపిస్తుందా?"

నేనూ వదినా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. వదిన కళ్ళనిండా నీళ్ళు. "మా అత్తయ్యకి మీరు ఫోన్ చేసి చెప్పాలి," అంది.

డాక్టరమ్మ కాగితం మీద రెండు మూత్రపిండాలు గీసి, వాటి నెత్తిన చిన్న టోపీల్లాంటివి పెట్టింది. వాటిని ఎడ్రినల్ గ్రంథులంటారట. అవి తయారుచేసే హార్మోను లేకపోతే బీపీ నిలబడదు, ఒంట్లో ఉప్పు నిలబడదు, ఓపిక అసలే నిలబడదు. "మీ ఒంట్లో రోగాల్ని ఆపే కాపలావాడొకడున్నాడు. పొరపాటున ఇంటివాళ్ళనే దొంగలనుకుంటున్నాడు. ముందు థైరాయిడ్ మీద పడ్డాడు. ఇప్పుడు వీటి మీద కూడా పడ్డాడని నా అనుమానం. థైరాయిడ్ మాత్ర పెంచేసరికి బండి వేగం పెరిగింది, ఇంధనం చూస్తే అడుగంటింది. అందుకే ఇంకా కుంగిపోయారు. కానీ ఇది అనుమానమే. రేపు పొద్దున రక్తం తీసి, ఒక ఇంజెక్షనిచ్చి, మళ్ళీ రక్తం తీసి తేలుస్తాం." పెంచిన మోతాదు ఆపమంది. ఆఖరున నావైపు తిరిగి గట్టిగా చెప్పింది. "ఈలోగా వాంతులాగకపోయినా, స్పృహ తప్పేలా ఉన్నా నాకోసం చూడకండి. దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి పరిగెత్తండి. వెళ్ళగానే 'ఎడ్రినల్ అనుమానం' అనండి. మిగతా కథంతా తర్వాత."

ఆ పరీక్ష దాకా ఆగలేదు. మర్నాడు పొద్దున బయల్దేరుదామని చూస్తే వదిన బాత్‌రూమ్ గుమ్మంలో పడి ఉంది. ఒకటే వాంతులు. పిలిస్తే కళ్ళు తెరుస్తోంది గానీ మమ్మల్ని గుర్తుపట్టట్లేదు. అన్నయ్య రెండు చేతులతో ఎత్తుకుని మెట్లు దిగాడు. మా ఫ్లాట్ల లిఫ్టు బాగుచేసేది తనే, కానీ దాని కోసం ఆగే ఓపిక తనకే లేదు.

ఎమర్జెన్సీలో నర్సు ఏం తిన్నదని అడిగింది. వాంతులు కాబట్టి తిండి పడలేదనుకున్నారు. సెలైన్ ఎక్కిస్తాం, బయట కూర్చోండన్నారు. అప్పుడు నాకేం పూనిందో! ఇన్నేళ్ళుగా ఫోన్లో నేను విన్న గొంతులన్నీ, పై అధికారిని పిలవమన్నవాళ్ళవీ, ఫోన్ పెట్టేయనన్నవాళ్ళవీ, అన్నీ ఒక్కసారిగా నా గొంతులోకి దిగాయి.

"ఎడ్రినల్ అనుమానం," అన్నాను.

"చూస్తామమ్మా, మీరు బయట..."

"ఎడ్రినల్ అనుమానం. ఇవాళే పరీక్ష ఉంది. థైరాయిడ్ ఉంది. బీపీ చూడండి. డాక్టరుగారిని పిలవండి. నేను బయటికెళ్ళను. మీరు ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు ఇదే చెప్తాను."

పక్క మంచం దగ్గరున్న డ్యూటీ డాక్టరు తలెత్తి చూశాడు. కుర్రవాడే. నడిచొచ్చి, వదిన చేతుల రంగు చూసి, బీపీ మెషీను చూసి, "ఎవరు అనుమానపడింది?" అని అడిగాడు. చెప్పాను. ఆవిడకి ఫోన్ కలిపాడు. మాట్లాడుతూనే నర్సుకి సైగ చేసి రక్తం తీయించాడు. రిపోర్టు కోసం ఆగకుండా ఇంజెక్షన్ ఇచ్చాడు. నేను బయటికెళ్ళలేదు, వాళ్ళూ మళ్ళీ వెళ్ళమనలేదు.

సాయంత్రం ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న వేళకి వదిన కళ్ళు తెరిచింది. వాలిపోతున్న కళ్ళు కావు, మా పాత వదిన కళ్ళు. చుట్టూ చూసి, దిండు మీదకి పైకి జరిగి, తనంతట తనే కూర్చుంది.

"ఆకలేస్తోంది," అంది.

అన్నయ్య గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. అమ్మ ఇంటినుంచి తెచ్చిన సూపు గిన్నెలో పోసి, చెంచాతో నోటికందించి, ఒక్క క్షణం ఆగింది. "ఉప్పు సరిపోయిందా అమ్మాయ్?"

"కొంచెం ఎక్కువైంది అత్తయ్యా."

అమ్మ ఆ మాటకి చేతిలో చెంచా వదిలేసి కోడల్ని కావలించుకుంది. ఉప్పెక్కువైందన్న మాటకి మా అమ్మ అంత సంబరపడటం నేనెరగను.

రిపోర్టులొచ్చాయి. ఆ హార్మోను ఉండీ లేనట్టుంది. అనుమానం నిజమైంది. జీవితాంతం మాత్రలు వేసుకోవాలి, జ్వరమొస్తే మోతాదు పెంచుకోవాలి, వాంతులైతే చెయ్యడానికి ఇంజెక్షన్ దగ్గరుండాలి అని డాక్టరమ్మ చెబుతుంటే అన్నయ్య మొహం వాడిపోయింది. వదిన మొహం మాత్రం వెలిగిపోతోంది.

"జీవితాంతమా అని దిగులెందుకండీ?" అంది అన్నయ్యతో. "ఇన్నాళ్ళూ నాకు బద్ధకమనుకున్నా. మనసు చెడిందనుకున్నా. నేనే పనికిరానిదాన్నయ్యాననుకున్నా. ఇది అవేవీ కాదు. దీనికి పేరుంది, మందుంది. ఇంకేం కావాలి?"

ఇంజెక్షన్ చెయ్యడం ఇంట్లో అందరం నేర్చుకున్నాం. నర్సు సోఫా దిండు మీద సాధన చెయ్యమంది. సూది చూస్తేనే కళ్ళు మూసుకునే మా అమ్మ, అందరికన్నా బాగా నేర్చుకుంది. నమ్మకం కుదిరేదాకా రోజూ సాధన చేసింది. ఆ దిండుకి ఈ జన్మలో ఏ జబ్బూ రాదు. థైరాయిడ్ మాత్ర సరైన మోతాదులో కుదిరింది. రెండో మాత్ర రోజుకి మూడుసార్లు. ఫోన్లో గంట మోగితే వదిన గుర్తుచేసుకునేలోపే ఎవరో ఒకరు గ్లాసుతో నీళ్ళు తెచ్చేవాళ్ళం. ఆవిడ విసుక్కునేది. విసుక్కునే ఓపిక తిరిగొచ్చిందని మేం మురిసిపోయేవాళ్ళం.

అంతటితో కథ సుఖాంతం అయిపోలేదు. అలసిపోయిన రోజులున్నాయి. జలుబు చేసి మంచమెక్కిన వారముంది. కానీ ఖాళీ అన్న మాట మళ్ళీ ఆవిడ నోట రాలేదు.

పనిలోకి వెళ్తానంటే మేనేజర్ ఆఫీసులో కుర్చీ చూపించాడు. "స్టోర్సు చూసుకోండి మేడమ్. ఏసీ గది. ఒళ్ళు జాగ్రత్త కదా."

"నాది కూడా ఏసీ గదే సార్. కాస్త ఎత్తులో ఉంది, అంతే."

"ఒకసారి అలా అయ్యాక..."

"అలా అయినప్పుడు మీ కడ్డీ ఒక్కటైనా కిందపడిందా?" అంది వదిన.  "నన్ను నమ్మి పైకి పంపమనట్లేదు సార్. ఏ పరీక్ష కావాలంటే అది పెట్టండి. అందులో తప్పితే ఆ కుర్చీలోనే కూర్చుంటా."

పెట్టారు. కంపెనీ డాక్టరు రకరకాలుగా పరీక్షించాడు. డాక్టరమ్మతో మాట్లాడాడు. కొన్ని నెలలు నేల మీదే ఉండి చూడమన్నాడు. వదిన ఆ నెలలన్నీ బాబాయ్ పక్కన నిలబడి సిగ్నల్ పని చేసింది. ఎండలో, వానలో, పగలంతా కాళ్ళ మీద. ఏ రోజూ కూలబడలేదు. చివరికి సంతకమైంది. షరతులున్నాయి. పైన గదిలో మాత్రలూ ఇంజెక్షనూ ఉండాలి. కింద ఇంకో ఆపరేటరు సిద్ధంగా ఉండాలి. ఒంట్లో ఏ కాస్త బాగోలేకపోయినా ఎక్కకూడదు. "ఈ చివరిది నేను ముందునుంచీ పాటిస్తున్నదే," అని వదిన సంతకం పెట్టింది.

మొదటి వారాలు చిన్నచిన్న పనులిచ్చారు. ఇటుకల బుట్టలు, చెక్క పలకలు. తర్వాత ఒకరోజు, పూర్తయిన రెండు భవనాల్ని కలిపే ఉక్కు వంతెన ఎత్తాల్సొచ్చింది. రెండిటి మధ్యా సరిగ్గా దూరాలి. అటూ ఇటూ అరచెయ్యంత సందు కూడా లేదు. ఎవరు ఎత్తుతారని మీటింగులో అడిగితే, మేనేజరే ముందుగా "పైనక్క" అన్నాడట. అన్నాక నాలిక్కరుచుకుని "మేడమ్" అని దిద్దుకున్నాడట.

అన్నయ్యా నేనూ సెలవు పెట్టాం. అమ్మ కూడా వచ్చింది. మా ముగ్గురికీ నెత్తిన హెల్మెట్లు పెట్టి దూరంగా తాళ్ళ అవతల నిలబెట్టారు. వదిన మా వైపు చెయ్యూపి నిచ్చెన పట్టుకుంది. మజిలీ దాటింది, ఆగలేదు. ఇంకోటి దాటింది. చిన్నబొమ్మంతయింది. గాజుగది తలుపు తెరుచుకుని మూసుకుంది. 

వంతెన నేల వదిలింది. ఊగలేదు, తిరగలేదు. గోడ పక్కనుంచి నీడలా పైకి జారుతూ వెళ్ళింది. సైట్లో మనుషులందరూ పనులాపి తలలెత్తి చూస్తున్నారు. బాబాయ్ గొంతు ఒక్కటే వినపడుతోంది. "ఎడమకి తల్లీ... చాలు... దించు... ఇంకాస్త... వెంట్రుకంత..." రెండు భవనాల మధ్యకి చేరాక అది గాల్లో అలా నిలబడిపోయింది. అమ్మ నా చెయ్యి నలిపేస్తోంది. తర్వాత వంతెన మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా, సొరుగు మూసుకున్నట్టు వెళ్ళి కూర్చుంది.

పైనున్నవాళ్ళు బోల్టులు బిగించి చేతులూపారు. ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు, ఇనుప గొట్టాల మీద స్పానర్లతో దరువులు. మా అమ్మ హెల్మెట్ తీసి గాల్లోకి విసిరింది. ఎవరో పరిగెత్తుకొచ్చి మళ్ళీ నెత్తిన పెట్టి కోప్పడ్డారు. ఆవిడ వింటే కదా! "నా కోడలు! అదిగో, అంత ఎత్తున! నా కోడలు!" అని ఆ కోప్పడినాయన్నే భుజాలు పట్టుకుని కుదిపేస్తోంది.

ఆ గోల కాస్త సద్దుమణిగాక బాబాయ్ చేతిలో వాకీటాకీ గరగరలాడింది. ఆయన మాకు వినపడేలా ఎత్తి పట్టుకున్నాడు.

"బాబాయ్," అంది వదిన గొంతు, తేటగా, నిండుగా. "ఇంకేమైనా ఉందా ఎత్తడానికి?"